రెండు ఎకోలు రెండు మాటలు చెప్తే, తర్వాత ఏ స్కాన్?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మగారికి 68 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. ఒక అంతస్తు మెట్లు ఎక్కితే ఆయాసం. నెల తేడాతో రెండు చోట్ల టూడీ ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్, తీయిస్తే ఒకరు అయోర్టిక్ వాల్వ్ (గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్ళే చోట ఉండే కవాటం) 'సివియర్'గా సన్నబడిందన్నారు, ఇంకొకరు 'మోడరేట్' అన్నారు. మూడో డాక్టరు సీటీ రాశారు. ఈలోగా చుట్టాల్లో ఒకాయన గొట్టం మింగించి చేసే టీఈఈ మేలంటున్నారు, ఇంకొకాయన ఎంఆర్ఐ అయితే అన్నీ తేలిపోతాయంటున్నారు. వీటిలో ఏది బెస్ట్, డబ్బులు దేనికి పెట్టాలి అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్ళుగా ఎకో గదిలోనే పనిచేస్తున్నాను కాబట్టి నా మాటలో ఎకో వైపు కొంచెం మొగ్గు కనిపిస్తే కనిపించనివ్వండి. కానీ మీ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి, అవి నిజానికి గొడవ పడటం లేదు. వాల్వ్ గుండా రక్తం దూసుకెళ్ళే వేగం, అంటే పీక్ వెలాసిటీ, రెండింట్లోనూ సెకనుకు 3.4 మీటర్లు. మీన్ గ్రేడియంట్, అంటే వాల్వ్‌కి అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా సగటు, రెండింట్లోనూ 28. ఈఎఫ్, అంటే గుండె గది ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం వంతు, 60 శాతం. తేడా అంతా ఎల్‌వీఓటీ (గుండె గదిలోంచి రక్తం బయటకొచ్చే దారి) అని ఉన్న ఒక్క లైనులో ఉంది: ఒకరు 1.9 సెంటీమీటర్లు కొలిచారు, ఇంకొకరు 2.1 కొలిచారు. రెండు మిల్లీమీటర్లు, అంతే. ఆ రెండు మిల్లీమీటర్లే మీ ఇంట్లో ఇంత టెన్షన్ పెట్టాయి.

ఎలాగో చెప్తాను, కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి. పైపు నోటిని వేలితో సగం మూస్తే నీళ్ళు ఎలా జోరందుకుంటాయో, సన్నబడిన వాల్వ్ దగ్గర రక్తం వేగమూ అలాగే పెరుగుతుంది. ఎకోలో డాప్లర్ అనే భాగం ఆ వేగాన్ని నేరుగా కొలుస్తుంది. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే పీక్ గ్రేడియంట్, అంటే మీ అమ్మగారికి దాదాపు 46. ఇంతవరకు ఊహ పెద్దగా లేదు. కానీ 'వాల్వ్ ఏరియా' నేరుగా కొలిచింది కాదు, లెక్కకట్టింది. వాల్వ్‌కి కాస్త కింద, గుండె గదిలోంచి రక్తం బయటకొచ్చే దారి వ్యాసాన్ని కొలిచి, దాన్ని వర్గం చేసి, 0.785తో గుణించి, ఆ దారిలో ప్రవాహం కొలతను (మీ రిపోర్టులో 23) వాల్వ్ దగ్గర కొలతతో (78) భాగిస్తారు. వ్యాసం 1.9 వేస్తే ఏరియా 0.84 వస్తుంది. 2.1 వేస్తే 1.02. సివియర్‌కి గీత 1.0 దగ్గర ఉంది కాబట్టి ఒకరు ఇటు, ఒకరు అటు. వ్యాసం వర్గం అవుతుంది కాబట్టి చిన్న పొరపాటు కూడా రెట్టింపవుతుంది. పైగా ఆ దారి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, ఎకో మాత్రం దాన్ని గుండ్రం అనుకుని ఒకే గీత గీసి లెక్క కడుతుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు.

సివియర్ అనడానికి మామూలుగా మూడు అంకెలు చూస్తారు: వేగం 4 మీటర్లు లేదా అంతకు మించి, మీన్ గ్రేడియంట్ 40 లేదా ఎక్కువ, ఏరియా 1.0 లేదా తక్కువ. మూడూ ఒకే మాట చెప్తే పేచీ లేదు, ఇంకే స్కానూ అక్కర్లేదు, నేరుగా వైద్యం గురించి మాట్లాడుకోవచ్చు. మీ అమ్మగారికి మొదటి రెండూ మోడరేట్ అంటున్నాయి, మూడోది ఊగుతోంది. ఇలాంటి కేసులు చాలా ఎక్కువ, మీరొక్కరే కాదు. ఇక్కడ తేల్చాల్సిన సంగతి ఒకటే: ఏరియా తప్పుగా తక్కువ వచ్చిందా, లేక గ్రేడియంట్ తప్పుగా తక్కువ వచ్చిందా?

ఏరియా వైపు నుంచి చూస్తే, మనిషి సైజు కూడా లెక్కలోకి రావాలి. మన ఆడవాళ్ళలో చాలామంది పొట్టిగా, సన్నగా ఉంటారు, వాళ్ళకి వాల్వూ చిన్నదే. అందుకే ఏరియాని శరీర ఉపరితలంతో భాగించి చూస్తారు, అక్కడ గీత 0.6. మీ అమ్మగారి బీఎస్ఏ, అంటే ఆ శరీర ఉపరితలం, 1.5 చదరపు మీటర్లు కాబట్టి ఒక రిపోర్టు ప్రకారం 0.56, ఇంకోదాని ప్రకారం 0.68. మళ్ళీ గీతకి అటూ ఇటూ! సరే.

గ్రేడియంట్ వైపు నుంచి చూస్తే రెండు అనుమానాలు రావాలి. ఒకటి, గుండె ఒక్కో కొట్టుకు తక్కువ రక్తం పంపుతోందేమో, పంపేదే తక్కువైతే వాల్వ్ ఎంత సన్నగా ఉన్నా జోరు కనబడదు. బీఎస్ఏతో భాగించాక 35 మిల్లీలీటర్లకు తక్కువైతే దాన్ని లో ఫ్లో అంటారు. మీ రిపోర్టుల్లోని అంకెలతో కడితే ఒకదానిలో 43, ఇంకోదానిలో 53 వస్తోంది, కాబట్టి ఆ భయం అంతగా లేదు. రెండోది, వేగాన్ని సరైన కోణంలో పట్టారా అన్నది. డాప్లర్ కిరణం రక్తం ధారకు సూటిగా పడాలి. 30 డిగ్రీలు పక్కకు తప్పితే అసలు వేగం 4 ఉన్నా మిషన్ 3.5 దగ్గరే చూపిస్తుంది, ఎంత ఖరీదైన మిషన్ అయినా. అందుకే ఛాతీ ఎడమ పక్క నుంచి మాత్రమే కాకుండా, పేషెంటుని కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి రొమ్ము ఎముకకు కుడివైపు నుంచి, మెడ కింద గుంట దగ్గర నుంచి కూడా వెతకాలి. దానికి పెన్సిల్‌లా సన్నగా ఉండే, బొమ్మ చూపించని ఒక ప్రోబ్ ఉంటుంది, శబ్దం విని ధారని పట్టుకోవాలి. రోజుకి నలభై మంది లైనులో ఉన్న చోట దాన్ని డబ్బాలోంచి తీసేవాళ్ళు తక్కువ. మీ రెండు రిపోర్టుల్లోనూ కుడి వైపు విండో, అంటే ఆ కుడి పక్క నుంచి, చూసినట్టు ఎక్కడా రాయలేదు.

కాబట్టి పై స్కాన్లకు డబ్బు కట్టే ముందు నా సలహా ఇది. ఇదే ఎకోని ఇంకోసారి, తీరిగ్గా, వాల్వ్ కేసులు బాగా చూసే చోట చేయించండి. వెళ్ళేటప్పుడు బీపీ మాత్ర మానకండి. ఎకో సమయంలో బీపీ ఎంతుందో రిపోర్టులో రాయమని అడగండి. బీపీ 180 ఉన్నప్పుడు తీసిన గ్రేడియంట్‌నీ 130 ఉన్నప్పుడు తీసిన గ్రేడియంట్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. హిమోగ్లోబిన్ కూడా చూపించండి, రక్తం బాగా తక్కువుంటే ప్రవాహం పెరిగి వేగం ఎక్కువ కనబడుతుంది, ఆయాసమూ దానివల్లే కావచ్చు. ఎకోలో ఎక్స్‌రే లేదు, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) లేదు, ఎన్నిసార్లు తీసినా ఇబ్బంది లేదు. చవకైనది కాబట్టి నాసిరకం పరీక్ష అనే భావన మనవాళ్ళలో బాగా ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, వాల్వ్ జబ్బుల్లో మొదటి పరీక్షా ఎకోనే, చాలామందికి చివరి పరీక్షా అదే.

ఇప్పుడు సీటీ. ఇక్కడ ఒక గందరగోళం ఉంది, దయచేసి చీటీ తీసి చూడండి. గుండె వాల్వ్‌కి సీటీ అంటే రెండు వేరువేరు పరీక్షలు. ఒకటి కాల్షియం స్కోరింగ్. ఇంజెక్షన్ లేదు, కాంట్రాస్ట్ లేదు, కిడ్నీకి ఏమీ కాదు, రేడియేషన్ తక్కువ, కొద్ది నిమిషాల పని. వాల్వ్ మీద సున్నం ఎంత పేరుకుందో ఒక అంకె ఇస్తుంది. ఆడవాళ్ళలో 1200 దాటితే సివియర్ అయ్యే అవకాశం ఎక్కువ, 1600 దాటితే దాదాపు ఖాయం, 800 కంటే తక్కువైతే సివియర్ కాకపోవచ్చు. మగవాళ్ళకి గీతలు వేరు: 2000, 3000, 1600. ఆడవాళ్ళ వాల్వుల్లో సున్నం కంటే పీచులాంటి కణజాలం ఎక్కువ చేరి బిరుసెక్కుతాయి, అందుకే తక్కువ అంకెకే జబ్బు ముదిరినట్టు లెక్క. మీ అమ్మగారి రిపోర్టుకి మగవాళ్ళ గీత పెట్టి 'ఏం లేదు' అనకుండా చూసుకోండి. మీ కేసులో ఉన్న చిక్కుముడికి సరిగ్గా సరిపోయే పరీక్ష ఇది. వేగం, కోణం, బీపీ, ప్రవాహం, వీటితో దానికి సంబంధమే లేదు. మూడో డాక్టరు రాసింది ఇదే అయితే ఆయన సరిగ్గానే ఆలోచించారు.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి దానివల్ల వాల్వ్ పాడైనవాళ్ళలో రేకులు అంచుల దగ్గర అతుక్కుపోతాయి, సున్నం అంత ఉండదు. అలాంటి వాల్వ్‌కి స్కోరు తక్కువొచ్చినా ధైర్యపడకూడదు. మీ అమ్మగారికి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) మామూలుగా ఉందని రెండు రిపోర్టులూ చెప్తున్నాయి కాబట్టి అది కీళ్ళ జ్వరం బాపతు కాకపోవచ్చు.

రెండో సీటీ కాంట్రాస్ట్ ఎక్కించి తీసేది. ఛాతీ కోయకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వ్ పెట్టే టావీ చేయాలని నిర్ణయించాక దాని అవసరం వస్తుంది. ఏ సైజు వాల్వ్ పడుతుంది, గుండె రక్తనాళాల ముఖద్వారాలు వాల్వ్‌కి ఎంత ఎత్తులో ఉన్నాయి, తొడ నాళాలు ఆ గొట్టం పట్టేంత వెడల్పు ఉన్నాయా, ఇవన్నీ అది చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. ఇందాక కోలగా ఉంటుందన్న దారిని అది కోలగానే చూపిస్తుంది. అయితే ఆ సీటీ కొలతని ఎకో లెక్కలో దూర్చి 'అమ్మయ్య, ఏరియా పెరిగింది' అనుకోకూడదు, అలా కలిపి కట్టినప్పుడు సివియర్ గీత కూడా 1.0 నుంచి 1.2 దాకా జరుగుతుంది. క్రియాటినిన్ 1.6 ఉన్న షుగర్ పేషెంటుకి, ఆపరేషన్ అవసరమో కాదో కూడా తేలకముందే కాంట్రాస్ట్ ఎందుకు ఎక్కించాలి? చీటీలో ఉన్నది ఇదే అయితే ముందు కాల్షియం స్కోరు సరిపోదా అని మర్యాదగా అడగండి. ఎప్పుడైనా ఇది చేయించాల్సి వస్తే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి, కిడ్నీ రిపోర్టు ముందే చెప్పాలి.

టీఈఈ విషయానికొస్తే, ఆరేడు గంటలు కడుపు ఖాళీగా ఉంచి, గొంతులో మత్తు స్ప్రే కొట్టి, కొంచెం నిద్రమత్తు ఇచ్చి గొట్టం దింపుతారు. అన్నవాహిక గుండె వెనక గదికి ఆనుకునే ఉంటుంది కాబట్టి పక్కటెముకలు, ఊపిరితిత్తులు అడ్డు లేకుండా బొమ్మ అద్దంలా వస్తుంది. కానీ ఆ దగ్గరతనం బాగా పనికొచ్చేది మైట్రల్ వాల్వ్‌కి. అయోర్టిక్ సన్నబడిన కేసులో మనకి కావాల్సింది వేగం, ఆ ధారకు సూటిగా పడే కోణం టీఈఈలో దొరకడం కష్టం. రేకుల ఆకారం, రెండు రేకులా మూడా, ఎల్‌వీఓటీ కోల ఎంత, ఇవి చూపిస్తుంది. బాగుంటుంది, కానీ మీ ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పదు. ఇప్పుడు వద్దు.

టీఈఈ తప్పనిసరి అయ్యే కేసులు వేరే. మైట్రల్ లీక్ ఎక్కువై, రిపేరు చేయొచ్చా, మార్చాలా అని సర్జన్ అడుగుతుంటే త్రీడీ టీఈఈలో వాల్వ్‌ని ఆపరేషన్ బల్ల మీద ఆయనకి కనిపించే కోణంలోనే చూపించవచ్చు, ఏ రేకులో ఏ ముక్క జారిందో కూడా. వదలని జ్వరంతో వాల్వ్ మీద ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు, మామూలు ఎకోలో ఏమీ కనబడకపోయినా టీఈఈ చేయాల్సిందే. ఇక మన దగ్గర ఇప్పటికీ కనిపించే కీళ్ళ జ్వరం తాలూకు మైట్రల్ స్టెనోసిస్, అంటే మైట్రల్ వాల్వ్ సన్నబడటం, అది ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళలో, ఒక్కోసారి గర్భంతో ఉన్నప్పుడే మొదటిసారి బయటపడుతుంది. అందులో మామూలు ఎకో ఒక్కటే దాదాపు అంతా చెప్పేస్తుంది. వాల్వ్ నోటిని అడ్డంగా కోసినట్టు చూసి చుట్టూ గీత గీసి ఏరియా నేరుగా కొలవచ్చు, 1.5 చదరపు సెంటీమీటర్లు లేదా తక్కువైతే సివియర్. రేకుల మందం, కదలిక, సున్నం, కింద తాళ్ళ స్థితి, ఒక్కోదానికి నాలుగు చొప్పున పదహారుకి విల్కిన్స్ స్కోరు వేస్తారు, ఎనిమిది లోపు వస్తే బెలూన్‌తో బాగా తెరుచుకుంటుందని ఆశ. బెలూన్ వేసే ముందు మాత్రం ఎడమ పై గది మూలలో రక్తం గడ్డ దాక్కుని ఉందేమో టీఈఈతో చూస్తారు, గడ్డ ఉండగా అక్కడ బెలూన్ తిప్పితే పక్షవాతం రావచ్చు. అన్నట్టు, 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్స్ అనే ఇద్దరు, లోహాల్లో పగుళ్ళు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని తెచ్చి మొదటిసారి గుండె మీద పెట్టారు. ఎకో తొలి రోజుల్లో వెతికిన జబ్బు ఈ మైట్రల్ స్టెనోసిస్సే.

ఎంఆర్ఐ గురించి మీ బంధువు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, కాకపోతే వేరే జబ్బుకి వర్తించే మాట. లీక్ ఎంత అన్న ప్రశ్న వస్తే ఎంఆర్ఐ గొప్పది. ఎకోలో లీక్‌ని రంగుల్లో చూసి భయపడతాం గానీ, ఆ రంగు మరక సైజు బీపీతో మారుతుంది, మిషన్ సెట్టింగ్‌తో మారుతుంది. గోడని రాసుకుంటూ పక్కకు పోయే లీక్ అయితే నిజంగా పెద్దదైనా సన్నగా కనిపించి మోసం చేస్తుంది. ఎంఆర్ఐ అలా కాదు, అయోర్టాలోకి ముందుకెంత పోయింది, వెనక్కెంత వచ్చింది అని మిల్లీలీటర్లలో లెక్కేస్తుంది, గుండె గదుల సైజు కొలవడంలో దాన్ని మించింది లేదు. అయోర్టిక్ లీక్‌లో ఎకో ఒకటి చెప్పి మనిషి ఇంకోలా ఉంటే నేనే ఎంఆర్ఐకి పంపమంటాను. గుండె కండరంలో మచ్చ పడిందా అన్నది కూడా అదే చూపిస్తుంది, దానికి మాత్రం గాడోలినియం ఇంజెక్షన్ కావాలి, జీఎఫ్ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువున్నవాళ్ళ విషయంలో రేడియాలజిస్టు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ప్రవాహం కొలవడానికి ఆ ఇంజెక్షన్ అక్కర్లేదు.

కానీ సన్నబడిన వాల్వ్ దగ్గర ఎంఆర్ఐ పీక్ వేగాన్ని అసలుకంటే తక్కువే చూపిస్తుంది, సున్నాన్ని సరిగా చూపించదు. మీకు కావాల్సిన రెండూ అవే! ముప్పావు గంట దాకా ఆ సొరంగంలో పడుకుని, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి, ఆయాసం ఉన్నవాళ్ళకి అది చిన్న పని కాదు. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే బొమ్మలు చెడతాయి. మీ అమ్మగారికి ఇప్పుడు దీనివల్ల కొత్తగా తెలిసేది తక్కువ.

క్యాథ్, అంటే రక్తనాళంలోంచి గుండెలోకి గొట్టం పంపి చేసే పరీక్ష, దాని గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి రాస్తున్నా. ఒకప్పుడు గొట్టం వాల్వ్ దాటించి లోపలి ఒత్తిడి కొలవడమే ప్రమాణం, గోర్లిన్ సూత్రం 1951 నాటిది. ఇప్పుడు అయోర్టిక్ వాల్వ్‌కి మామూలుగా అలా చేయరు. సున్నం పట్టిన వాల్వ్‌లోంచి వైరు దూర్చితే ముక్కలు రాలి మెదడుకి పోవచ్చు. జర్మనీలోని బాన్‌లో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అలా వాల్వ్ దాటించినవాళ్ళలో 22 శాతం మందికి తర్వాత తీసిన మెదడు ఎంఆర్ఐలో కొత్త మచ్చలు కనబడ్డాయి, 3 శాతం మందికి లక్షణాలు కూడా వచ్చాయి. ఆపరేషన్ ఖాయమయ్యాక గుండె రక్తనాళాల్లో బ్లాకులున్నాయా అని చేసే యాంజియో వేరు, అది అవసరమే.

ఇప్పటికే స్టీలు వాల్వ్ అని పిలుచుకునే మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకొక మాట. లోహం నీడ వల్ల మామూలు ఎకోలో రేకు కదలిక సరిగా కనబడదు. వాల్వ్ ఇరుక్కుందని అనుమానం వస్తే క్యాథ్ ల్యాబ్‌లో ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే బొమ్మ) కింద చూడటం చాలా సులువు, గొట్టాలూ ఇంజెక్షన్లూ లేకుండానే రేకులు తెరుచుకుంటున్నాయో లేదో కనిపిస్తుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్ మాత్రం దీనికి లొంగదు. దాని బిళ్ళ ప్లాస్టిక్ జాతిది కాబట్టి ఎక్స్‌రేలో కనిపించదు, అక్కడ మళ్ళీ టీఈఈ మీదే ఆధారపడాలి. అందుకే మీ వాల్వ్ ఏ కంపెనీది, ఏ సైజు అని ఉన్న కార్డు పారేసుకోకండి.

సరే, మళ్ళీ మీ అమ్మగారి దగ్గరికి. కుడి వైపు విండోతో సహా జాగ్రత్తగా మళ్ళీ ఎకో. అందులో వేగం 4 దాటితే కథ అక్కడే తేలింది, కాల్షియం స్కోరు కూడా అక్కర్లేదు. మళ్ళీ 3.4 దగ్గరే ఉంటే కాంట్రాస్ట్ లేని కాల్షియం స్కోరు. అది 1200 దాటి, ఆయాసానికి రక్తహీనత, ఊపిరితిత్తులు లాంటి ఇంకో కారణం దొరకకపోతే, టావీయా సర్జరీయా అన్న మాట మొదలవుతుంది, కాంట్రాస్ట్ సీటీ, యాంజియో అప్పుడు. బాగా తక్కువొస్తే మోడరేట్ అనుకుని ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, వీలైతే అదే చోట, ఎకో చూపించుకుంటూ ఉండాలి, ఆయాసానికి కారణం వేరే చోట వెతకాలి. 800కీ 1200కీ మధ్యలో ఆగితే మాత్రం మళ్ళీ ఆలోచించాల్సిందే, అప్పుడు టీఈఈ గురించి అడిగినా తప్పులేదు. ఎక్కడ తీయించినా కాగితంతో సరిపెట్టుకోకుండా వీడియో క్లిప్పులు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి, వాటిని చూస్తే ఇంకో డాక్టరు ఆ ఎల్‌వీఓటీని తానే మళ్ళీ కొలుచుకోగలరు.

ఇవన్నీ మనిషి స్థిమితంగా ఉన్నప్పటి మాటలు. నడుస్తూ నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోయినా, మెట్లెక్కుతుంటే ఛాతీలో పట్టేసినట్టున్నా, రాత్రి పడుకోలేక లేచి కూర్చుంటున్నా, మోడరేట్ అని రాసిన కాగితం చూసుకుని ఊరుకోకండి, స్కాన్ తేదీ కోసమూ ఆగకండి, అదే రోజు కార్డియాలజిస్టు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈలోగా టీఎంటీ పరుగు పరీక్ష మాత్రం ఎవరు రాసినా ఈ రెండు ఎకోలు చూపించకుండా చేయించొద్దు.